అడవిలో చీరల బేరం

కాశిబుగ్గలో వాసంతి ఇల్లెక్కడని అడిగితే, "ఎవలు, లైవ్ వాసంతక్కనా?" అని ఎదురడిగి మరీ చూపిస్తారు. మరమగ్గాల సందు మలుపులో రేకుల గేటు ఇల్లు. వెనక షెడ్డులో ఆమె భర్త బాలరాజు మగ్గం నడుస్తుంటే, ముందు గదిలో ఆమె నోరు నడిచేది. గోడకు ఆకుపచ్చ తెర, తెర ముందు గుండ్రటి లైటు, లైటు నడుమ ఇరికించిన ఫోను. చీర భుజాన వేసుకుని ఆ ఫోను ముందు నిలబడిందంటే ఇక ఆకలిదప్పులు తెలిసేవి కావు.

"అక్కలూ, చెల్లెళ్లూ, వచ్చిన్రా? జర షేర్ కొట్టుండ్రి. ఇగో, గీ అంచు జూడుండ్రి. ఇట్ల తిప్పి చూపెడ్త. ఆగు చెల్లె, ఆగు, ముందుగాల స్క్రీన్‌షాట్ కొట్టిన అక్కకే ఇస్త..."

పుట్టుకతో మాటకారి కాదు వాసంతి. కొత్త కోడలిగా వచ్చినప్పుడు మగ్గానికి నూలు కండెలు చుట్టుకుంటూ, ఎవరేమడిగినా తలూపి ఊరుకునేది. కరోనా ఏడాది దుకాణాలన్నీ మూతబడి, నేసిన చీరలు దొంతర్లు దొంతర్లుగా ఇంట్లోనే మిగిలిపోయినప్పుడు, ఎవరో చెప్పగా బియ్యం డబ్బాకు ఫోను ఆనించి నాలుగు ముక్కలు మాట్లాడింది. చూసినవాళ్లంతా చుట్టాలే. మర్నాడు ఇంకొంచెం మాట్లాడింది. అట్లా అట్లా కరీంనగర్ నుంచి, భీవండిలో, సూరత్‌లో స్థిరపడ్డ మనవాళ్ల నుంచి ఆర్డర్లు మొదలయ్యాయి. మగ్గం ఆగకుండా నడిచింది. ఇంట్లో ఆమె మాటకు విలువొచ్చింది. తోడికోడలు సునీత పార్సిళ్లు కట్టడానికి కుదురుకుంది. అంతా మాట మీద నిలబడ్డ సంసారం కాబట్టి, మాట ఆపాలంటే వాసంతికి భయం పట్టుకుంది.

ఫోను చేతిలో లేకపోతే చెయ్యి విరిగినట్టుండేది. కుడిచేత్తో అన్నం, ఎడమచేత్తో కామెంట్లు. స్నానానికి పోతే కవరులో పెట్టి తలుపు గడియకు వేలాడదీసేది. మోగకపోయినా మోగినట్టు తొడ దగ్గర వణుకు తెలిసి ఉలిక్కిపడేది. "నిద్రల కూడ దీని బొటనవేలు స్క్రీను తోస్తనే ఉంటది" అని బాలరాజు నవ్వేవాడు. తర్వాత తర్వాత నవ్వడం మానేశాడు.

మొన్న మేడారం జాతర అయిపోయిన కొద్ది రోజులకే ఆమె గొంతు బొంగురుపోయింది. మిరియాలు, కరక్కాయ, ఉప్పు నీళ్లు అన్నీ అయ్యాయి. ఒక సాయంత్రం "అక్కలూ" అనబోతే గాలి తప్ప మాట రాలేదు. హన్మకొండ దవాఖానలో గొంతు డాక్టరు సన్నటి గొట్టం లోపలికి పెట్టి చూశాడు.

"మాట పుట్టే చోట కాయలు కట్టాయమ్మా. కొన్నాళ్లు పూర్తిగా మాట్లాడొద్దు. గుసగుసలు కూడా వద్దు, దానితో ఇంకా ఒత్తిడి పడుతుంది. వినకపోతే ఆపరేషన్ దాకా పోతుంది."

వాసంతి బుద్ధిగా తలూపింది. బయటికొచ్చి ఆటో ఎక్కేలోపే టైపు చేయడం మొదలుపెట్టింది. ఆయన నోరు కట్టేసుకొమ్మన్నాడు గాని వేళ్లు కట్టేసుకొమ్మనలేదు కదా.

ఆ వారం మాట లేకుండానే లైవ్ పెట్టింది. అట్టముక్కల మీద చీర పేరు, రంగు రాసి చూపిస్తూ, చేతులతో సైగలు చేస్తూ బాగానే నడిపింది. అంతలో ఎవరో కామెంటు పెట్టారు: "ఇది కాటన్ కాదు, పాలిస్టర్ లెక్కనే ఉన్నది." వాసంతికి ఒళ్లు మండిపోయింది. డాక్టరు మాట, గొంతు సంగతి ఏదీ గుర్తు లేదు.

"ఎవలే నువ్వు? మా ఇంట్ల మగ్గం మీద..."

గొంతులో ఏదో చిరిగినట్టయింది. తర్వాతి మాట రాలేదు. నోట్లో నెత్తురు రుచి.

బాలరాజు మగ్గం ఆపి వచ్చి లైటు ప్లగ్గు పీకేశాడు. ఆయన పెరట్లోకి పోయి తన అక్క అనసూర్యకు ఫోను చేశాడు. అనసూర్య మేడారం దాటి అడవి లోపలి గూడేలకు నర్సు. సబ్ సెంటరు పక్కనే ఒక చిన్న క్వార్టరులో ఉంటుంది. వారానికోసారి ఊళ్లోకొచ్చినప్పుడే ఆమె ఫోను కలుస్తుంది. ఆ రోజు అదృష్టం కొద్దీ కలిసింది.

"పంపియ్యిరా తమ్మీ," అందామె. "మా గూడెంల సిగ్నలే లేదు. దాని నోరూ ఆగుతది, వేళ్లూ ఆగుతయి. ఫోను మాత్రం ఆడ్నే పెట్టి రమ్మను."

వాసంతి భర్త కళ్ల ముందే ఫోను ఆయన చేతిలో పెట్టింది. ఆయన బస్సు టికెట్ తీయడానికి పోయినప్పుడు, సంచిలో మడత చీరల మధ్య దాచిన పాత ఫోను అక్కడే ఉందో లేదో ఇంకోసారి తడిమి చూసుకుంది. అద్దం పగిలి, ఛార్జింగు నిలవకున్నా ఇంకో సిమ్ము ఉన్న పాత ఫోనే. అయినా ఫోనే.

మేడారం ఆమెకు జాతర రోజుల్లోనే తెలుసు. బెల్లం ముద్ద నెత్తిన పెట్టుకుని, జనంలో పడి, కాళ్లు నేలకు తగలకుండానే వనదేవతల గద్దెల దాకా కొట్టుకుపోయిన మేడారం. ఇప్పుడు బస్సు దిగి చూస్తే దుమ్ము రోడ్డు, మూసిన కొబ్బరికాయల షెడ్లు, ఇసుకలో సన్నగా పారుతున్న వాగు. అనసూర్య స్కూటీ మీద ఎదురుచూస్తోంది. దారిపొడుగునా మోదుగు చెట్లు ఆకు లేకుండా ఎర్రగా పూసి ఉన్నాయి. ఆ రంగు చూడగానే వాసంతి చెయ్యి ఫోటో కోసం దానంతటదే లేచింది. ఖాళీ చెయ్యి. మళ్లీ ఒళ్లో పెట్టుకుంది.

క్వార్టరులో మంచం, పొయ్యి, మందుల పెట్టె, వెనక వేప చెట్టు. అంతే. వాసంతి మంచం మీద కూర్చుంది, లేచింది. గిన్నెలు తోమింది. తోమిన గిన్నెలే మళ్లీ తోమింది. వాకిలి ఊడ్చింది. ఆకులు మళ్లీ రాలితే ఆకుల మీద కోపమొచ్చింది. కాలుగాలిన పిల్లిలా ఇంట్లోకీ వాకిట్లోకీ తిరుగుతుంటే అనసూర్య టీకాల కార్డులు సర్దుకుంటూ చూసింది.

"కూసోవే. ఏం కొంప మునుగుతలేదు."

మునుగుతాంది వదినా, నీకేం తెలుసు అని చెప్పాలనుంది. సాయంత్రం లైవ్ పెట్టే వేళ అయింది. ఈపాటికి ఎందరు వచ్చి చూసి, ఎవరూ లేరని వెళ్లిపోతున్నారో. జనం ఒకసారి పోతే మళ్లీ వస్తారా? స్నానాల గదిలోకి పోయి పాత ఫోను వెలిగించింది. సిగ్నల్ గుర్తు మీద గీత కొట్టి ఉంది. చెయ్యి పైకెత్తింది, కిటికీలోంచి బయటికి పెట్టింది. గీత పోలేదు. ఛార్జింగు పెడదామంటే ఆ ఇంట్లో ఉన్న ఒకే ప్లగ్గు వదిన మంచం పక్కనే.

మర్నాడు ఆశా వర్కరు సమ్మమ్మ వచ్చింది. నడివయసు మనిషి, చేతుల మీద పాత పచ్చబొట్లు, మాట కన్నా ముందు నవ్వు. అనసూర్యతో ముచ్చట పెడుతూ మాటల్లో అంది:

"పింఛన్లోళ్లు వచ్చిన్రు నర్సమ్మా. ముసలోళ్లందరినీ మళ్లా గుట్టెక్కిచ్చిన్రు. ఆ బండ మీదికి పోతెనే గదా మిషన్ల సిగ్నల్ వచ్చేది, వేలిముద్ర వడేది."

వాసంతి చెవులు నిక్కపొడుచుకున్నాయి. సమ్మమ్మ గడ్డంతో చూపించిన దిక్కు గుర్తు పెట్టుకుంది.

తర్వాతి రోజు అనసూర్య టీకాల పెట్టె పట్టుకుని ఇంకో గూడానికి బయల్దేరింది. "ఎటూ పోకు. ఇప్పపూలు రాలే కాలం, ఎలుగ్గొడ్లు పూలకొస్తయి. పగలైనా ఒంటిగ తిరుగొద్దు." వాసంతి మళ్లీ బుద్ధిగా తలూపింది. ఈ మధ్య ఆమె తలూపుడికి ఏ అర్థమూ లేకుండా పోయింది. స్కూటీ చప్పుడు చెట్ల వెనక ఆగిపోగానే ఫోను నడుముకు దోపుకుని గుట్ట దారి పట్టింది.

ఎక్కుతుంటే చెమటలు పట్టాయి, ముళ్లు చీరను పట్టి లాగాయి. ఏదీ పట్టలేదామెకు. చూపంతా ఫోను మూలనున్న ఆ గీత మీదే. బండ మీద కాలు పెట్టగానే గీత పోయి ఒక్క సిగ్నల్ పుల్ల లేచింది. మరుక్షణం ఫోను ఊగిపోయింది. మెసేజీ మీద మెసేజీ. ఎండిన నోట్లో నీళ్లు పోసినట్టయి వాసంతి బండ మీద చతికిలబడింది. రెండు రోజుల తర్వాత ఊపిరాడింది.

అప్పుడు కనిపించింది. తన పేజీలో, తన ఆకుపచ్చ తెర ముందు, తన లైటు వెలుగులో, తన చీర భుజాన వేసుకుని సునీత. నిన్నటి లైవ్. వీడియో కదలడం లేదు, సునీత నోరు సగం తెరిచి ఆగిపోయి ఉంది. కింద కామెంట్లు మాత్రం తెరుచుకున్నాయి. "ఈ అక్క నిమ్మళంగ చెప్తాంది, మంచిగ అర్థమైతాంది." "కొత్త చెల్లె బాగున్నది." "తొందర పెడ్తలేదు."

వాసంతికి చెవుల్లోంచి వేడి పొగ వచ్చింది. పార్సిళ్లు కట్టమంటే పేజీకే ఎసరు పెడతావా! టైపు చేసింది, చెరిపింది, ఇంకా ఘాటుగా టైపు చేసింది. నొక్కితే మెసేజీ పోలేదు. గుండ్రంగా తిరుగుతూనే ఉంది. పుల్ల పోయింది. ఫోను నెత్తికెత్తి నాలుగడుగులు ముందుకేసింది, వచ్చింది. మళ్లీ పోయింది. ఇంకొంచెం అటు. ఇంకొంచెం కిందికి. ఆ చెట్టు దాటితే రావచ్చు. ఆ రాయి ఎక్కితే రావచ్చు. కోపం ఆమెను ముందు నుంచి ముక్కుతాడు వేసి లాగినట్టు లాక్కుపోయింది.

తలెత్తేసరికి బండ లేదు. వచ్చిన దారి లేదు. ఎటు చూసినా ఒకే రకం చెట్లు, ఒకే రకం ఎండుటాకులు. గుట్ట ఎటున్నదో కూడా తెలియలేదు, ఎందుకంటే ఎక్కేటప్పుడు దాన్ని చూసింది లేదు. ఒక దిక్కు నడిచింది, వాగు చీలిక అడ్డమొచ్చింది. వెనక్కి మళ్లితే మరో కొత్త చోటు. దాహం. ఎండ చెట్ల మీద నుంచి పక్కకు వాలుతోంది. దగ్గర్లోనే ఎక్కడో ఇప్పపూలు మగ్గిన తీపి వాసన. పూలున్న చోటికే కదా ఎలుగుబంట్లు వచ్చేది.

అరుద్దామని నోరు తెరిచింది. గాలి వచ్చింది. ఇంకోసారి బలమంతా పెట్టి అరవబోతే మంట తప్ప చప్పుడు లేదు. ఊరంతా వినేట్టు మాట్లాడిన మనిషి, పక్క చెట్టుకు వినపడేంత కూడా అరవలేక అక్కడే కూలబడింది.

చాలాసేపటికి దూరంగా పిలుపు. "వాసంతీ! ఓ వాసంతీ!" అనసూర్య గొంతే. ఎటు నుంచో అర్థం కాలేదు. కాసేపటికి అదీ దూరమవుతోంది. వాసంతి రాయి తీసుకుని చెట్టు మీద కొట్టింది. మొద్దు చెక్క చప్పుడు మింగేసింది. ఫోను తీసింది. ఛార్జింగు ఎర్ర గీతకు దిగింది. పాట పెడదామంటే ఒక్క పాట లేదు ఆ ఫోనులో. ఉన్నవన్నీ తన వీడియోలే. పాత లైవులు. ఒకటి నొక్కి, చప్పుడు చివరిదాకా పెంచి, చెయ్యి నెత్తికెత్తింది.

"అక్కలూ! చెల్లెళ్లూ! వచ్చిన్రా? జల్ది రాండ్రి, జల్ది రాండ్రి! మళ్లా అయిపోయినంక వాసంతక్క ఇయ్యలేదనొద్దు! ఇగో జూడుండ్రి..."

అడవి ఉలిక్కిపడింది. పిట్టలు లేచిపోయాయి. తన గొంతు, తన పాత గొంతు, చెట్ల మధ్య పరుగులు పెడుతోంది. అంత తొందరగా మాట్లాడేదా తను? ఊపిరి తీసుకోకుండా, ఒక మాట మీద ఒక మాట పడేట్టు? ఎవరో ఈమెను తరుముతున్నారా అనిపించింది. సగంలో, "ఆగు చెల్లె, ఆగు" అంటుండగా ఫోను ఆరిపోయింది.

ఆ తర్వాతి నిశ్శబ్దం లాంటిది ఆమె అదివరకు వినలేదు. చేతిలో నల్లటి పలక. ఇక చేసేదేం లేదు. చూడ్డానికేం లేక ఆమె చుట్టూ చూసింది. ఎండుటాకు మీద చీమలు ఒక పువ్వు ముక్కను లాక్కుపోతున్నాయి. ఎక్కడో పిట్ట చెక్కను పొడుస్తోంది. గాలి ఒక కొమ్మ నుంచి మరో కొమ్మకు వచ్చే చప్పుడు విడివిడిగా వినిపించింది. ఏదో పొదలో కదిలినప్పుడు పక్కనున్న రాయి చేతిలోకి తీసుకుంది, కదలిక ఆగినా వదల్లేదు. అందంగా ఉందని మాత్రం అనిపించలేదు. తనను పట్టించుకోనిది ఇంత పెద్దది చుట్టూ ఉందని తెలిసింది, అంతే. భయంలోనే ఒళ్లంతా చెవులు చేసుకుని కూర్చుంది.

ఆకులు నలిగాయి. ఈసారి మనిషి అడుగులు. పొదలు తప్పించుకుంటూ సమ్మమ్మ, ఆమె వెనక చీర కుచ్చిళ్లు పైకి దోపిన అనసూర్య.

సమ్మమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, రొప్పుతూ నవ్వింది. "ఎవలో అడివిల చీరలమ్ముతాండ్రు నర్సమ్మా, బేరం జేద్దాం పా అని నేనే అన్న! ఎలుగ్గొడ్డుకు గూడ ఒకటి కట్టవెట్టినవా బిడ్డా?"

అనసూర్య నవ్వలేదు. దగ్గరికొచ్చి మొదట నీళ్ల సీసా ఇచ్చింది. తాగాక భుజం మీద ఒక్కటి చరిచింది.

"నీకేమన్న అయితే మా తమ్మునికి ఏం మొఖం చూపెట్టాలెనే? ఏం జెప్పాలె? సిగ్నల్ కోసం సచ్చిందని చెప్పాల్నా?" వాసంతి ఆమె నడుం చుట్టూ చేతులేసి ఏడ్చింది. చప్పుడు లేని ఏడుపు.

ఇంటికొచ్చాక అనసూర్య పాత ఫోనును ప్లగ్గు పక్కన పెట్టింది. "పెట్టుకుంటవా ఛార్జింగు, పెట్టుకో. నేను కావలి కాయలేను." వాసంతి వైరు దాకా పోయింది, తిరిగొచ్చింది. మళ్లీ పోయింది. ఆ రోజు పెట్టలేదు. మర్నాడు కూడా అటే చూస్తూ గడిపింది గాని పెట్టలేదు.

ఆమె కుదుట పడింది అంటే అబద్ధం. వేళ్లు దురదపెడుతూనే ఉండేవి. సునీతను ఏమనాలో లోపల కూడబలుక్కుంటూనే ఉండేది. సమ్మమ్మ చూసి చూసి, "ఖాళీ చేతులే పిచ్చి లేపుతయి, రా" అని ఇప్పపూలు ఏరడానికి తీసుకుపోయింది. తెల్లవారుతుండగా చెట్టు కింద మీగడ రంగు పూలు పరుచుకుని, పైనుంచి ఇంకా టపటప రాలుతూ ఉండేవి. వాసంతి వాటిని కూడా లైవ్‌లో చీరలు తోసినట్టే గబగబ గంపలోకి తోసేది. "ఎవలు ఎంటవడ్తాండ్రు నిన్ను?" అని సమ్మమ్మ అడిగేది.

ఒకరోజు చీకటి పడ్డాక గాని గుర్తుకు రాలేదు, లైవ్ వేళ దాటిపోయిందని. సంతోషించాల్సింది పోయి హడలిపోయింది. నేను తలుచుకోకున్నా సాయంత్రం అయిపోయిందా? అయితే నేనెవరిని? ఆ ప్రశ్న ఆమెను అడవిలో తప్పిపోయిన నాటికన్నా ఎక్కువ తిప్పలు పెట్టింది.

గొంతు కొంచెం నయమై, హన్మకొండ పోయి చూపించుకుంటే మాట్లాడొచ్చని డాక్టరు ఒప్పుకున్నాక కాశిబుగ్గకు తిరిగొచ్చింది. బస్సులో దారంతా సునీతకు చెప్పాల్సిన మాటలు పదును పెట్టుకుంది. ఇంట్లో అడుగు పెట్టేసరికి లైవ్ నడుస్తోంది. సునీత ఆమెను చూసి బిక్కచచ్చిపోయింది. గబగబ లైవ్ ఆపేసి లేచి నిలబడింది.

"అక్కా, పేజీ ఖాళీగుంటే జనం పోతరని బావనే లైవ్ పెట్టుమన్నడు. నాకు రాదన్న. నీ లెక్క నాకు రాదక్కా. నువ్వొచ్చినవు గదా, ఇగ..."

వాసంతి నోరు తెరిచింది. గొంతు సన్నగా, కొత్తగా, ఎవరిదో అన్నట్టు వచ్చింది. కూడబెట్టుకున్న తిట్లన్నింటికీ ఆ గొంతు చాలదు. ఒక్క మాటకు చాలుతుంది.

"అంచు జర దగ్గరికి తెచ్చి చూపెట్టు. లైటు వడ్తలేదు."

సునీత ఏడ్చేసింది. షెడ్డు గుమ్మంలో నిలబడి చూస్తున్న బాలరాజు మగ్గం దగ్గరికి పోయాడు.

ఇప్పుడు లైవ్ ఇద్దరూ వంతులేసుకుని పెడుతున్నారు. వాసంతి రోజు వచ్చినప్పుడు జనం ఇంకా ఎక్కువే వస్తారు. అది చూసి ఆమె లోలోపల పొంగుతుంది, పొంగినందుకు తన మీద తనకే చిరాకేస్తుంది. పొద్దున్నే ఫోను ఇంట్లో పెట్టి చిన్నవడ్డేపల్లి చెరువు కట్ట మీద నడకకు పోవడం మాత్రం పట్టుదలగా మొదలుపెట్టింది. బాలరాజు తోడొస్తాడు.

"మెల్లగ నడువే, నీళ్లను జూడు, కొంగలను జూడు" అంటాడాయన వెనక నుంచి.

"చూస్తాన్న," అంటుంది వాసంతి, పరుగులాంటి నడక ఆపకుండానే. "చూస్తనే ఉన్న. గాని కాళ్లు ఇంటి దిక్కే గుంజుతాన్నయయ్యా, ఏం జెయ్యాలె?"

బాలరాజు ఆమె మోచెయ్యి పట్టుకుంటాడు. ఇద్దరూ కట్ట చివరిదాకా పోయి, అక్కడ ఒక నిమిషం నిలబడతారు. ఆమె బొటనవేలు కొంగు అంచును తోస్తూనే ఉంటుంది. అయినా అక్కడి నుంచి ఇంటికి మళ్లకుండా, ఇంకో చుట్టు పోదామని ముందుగా అడుగేసేది ఆమే.